అస్సలు ఏడవని పాప: పిల్లల డాక్టర్ని మార్చాలా అని వచ్చిన ఒక కేసు

ఈ కేసు తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

గాజువాక నుంచి 34 రోజుల పాపని తీసుకుని తల్లి, తండ్రి, అమ్మమ్మ ముగ్గురూ ఎంవీపీ కాలనీలోని మా క్లినిక్‌కి వచ్చారు. జ్వరమో దగ్గో అయితే అంత దూరం రారు. "మా దగ్గర్లో చూపిస్తున్న డాక్టరుగారిని మార్చేద్దామనుకుంటున్నామండి. ఇకమీదట మీ దగ్గరికే వస్తాం" అన్నాడు తండ్రి కూర్చుంటూనే. వైజాగ్‌లో పిల్లల డాక్టర్లకి కొదవ లేదు. రామ్‌నగర్‌లో ఒక వీధి చివర నుంచుంటే నాలుగైదు బోర్డులు కనిపిస్తాయి. అందుకే ఇక్కడ డాక్టర్ని మార్చడం చాలా తేలిక. ఆ తేలికే కొన్నిసార్లు పిల్లల ప్రాణం మీదికి తెస్తుందని నా గట్టి అభిప్రాయం. ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

తల్లి పుట్టిల్లు విజయనగరం దగ్గర. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెలలో తీసుకెళ్లారు. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 38 వారాలకి మామూలు కాన్పు అయింది. బరువు 3.2 కిలోలు, పుట్టగానే ఏడ్చింది, మూడో రోజు ఇంటికి పంపేశారు. ఆనవాయితీ ప్రకారం మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా అక్కడే ఉండాల్సింది. తండ్రికి సెలవు దొరక్క 21వ రోజు ఉయ్యాల వేడుక కాగానే అమ్మమ్మని కూడా వెంటబెట్టుకుని గాజువాక వచ్చేశారు. 23వ రోజున ఒకసారి, 30వ రోజున ఒకసారి ఇంటి దగ్గరి పిల్లల డాక్టరుకి చూపించారు.

ముగ్గురివీ మూడు ఫిర్యాదులు

ఇలాంటప్పుడు ఇంట్లో వాళ్లందరినీ విడివిడిగా మాట్లాడనిస్తాను. ఒకే మాట మీద వచ్చినట్టు కనిపిస్తారు గానీ లోపల ఎవరి బాధ వాళ్లకి ఉంటుంది.

అమ్మమ్మ బాధ మందు గురించి. "ఏటి డాట్రో బాబూ, రెండుసార్లు ఎళ్లినా ఒక్క మందు రాయలేదు. పిల్లకి నాలుగు రోజులకోసారి గాని విరోచనం అవదు. గ్రైప్ వాటరు రాయమంటే అక్కర్లేదన్నాడు, టానిక్కు అక్కర్లేదన్నాడు." తండ్రి బాధ సమయం గురించి. రెండు గంటలు కూర్చోబెట్టి రెండు నిమిషాలు చూశారని, చూసేటప్పుడు కూడా ఫోను మాట్లాడుతూనే ఉన్నారని.

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. అడిగితే మెల్లిగా చెప్పింది. "పాప ఏడవదండి. పాలకి కూడా లెగదు. నేనే తడిపి, పాదాలు రాసి లేపాలి. పట్టుకున్నాక కూడా రెండు గుక్కలు తాగి నిద్రపోద్ది. ఆ డాక్టరుగారికి రెండుసార్లూ చెప్పాను. 'మీరు అదృష్టవంతులమ్మా, అందరి పిల్లలూ రాత్రంతా జాగారం చేయిస్తారు' అన్నారు. మా అత్తగారూ అదే అన్నారు. నాకు మాత్రం ఏదో తేడాగా ఉందండి."

ఈ మూడింటినీ నేను ఒకే తక్కెడలో వేయను. మొదటిది ఆ డాక్టరుగారికి మార్కులు వేయాల్సిన విషయం. నెల పిల్లకి గ్రైప్ వాటరు, టానిక్కు రాయనంటే ఆయన సరిగ్గానే ఉన్నట్టు. రెండోది ఇబ్బందే, కాదనను. కానీ మధ్యాహ్నం దాకా ఎనభై మందిని చూసే ఓపీలో అందరికీ అదే జరుగుతుంది. దానికోసమే మారితే కొత్త చోట కూడా మూడో నెలకి అదే ఫిర్యాదు మిగులుతుంది. మూడోది అలాంటిది కాదు. బిడ్డని రోజంతా చూసే మనిషి ఏదో తేడా ఉందని రెండుసార్లు చెబితే, దానికి జవాబు పరీక్ష చేసి చెప్పాలి. ఆ తల్లికి అభినందన దొరికింది తప్ప జవాబు దొరకలేదు.

పాపని చూస్తే

బరువు 3.55 కిలోలు. పుట్టిన పిల్లలు మొదటి రోజుల్లో కొంత తగ్గి, 10 నుంచి 14 రోజులకల్లా మళ్లీ పుట్టిన బరువుకి వస్తారు. అక్కడి నుంచి రోజుకి 25, 30 గ్రాముల చొప్పున పెరుగుతారు. ఆ లెక్కన ఈ పాప 3.8 కిలోలు ఉండాలి. రెండు వందల యాభై గ్రాములు తక్కువంటే మరీ కంగారుపడేంత కాదు, అలాగని వదిలేసేంతా కాదు. టీకా కార్డులో గ్రోత్ చార్టు పేజీ తెల్లగా ఉంది. పుట్టిన బరువు చుక్క కూడా పెట్టలేదు.

ముఖం, ఛాతీ ఇంకా పచ్చగా ఉన్నాయి. ఇవి తల్లిపాల కామెర్లు, పొద్దున్నే ఎండ చూపించమని 23వ రోజున చెప్పారట. తల్లిపాల కామెర్లు నిజంగానే ఉంటాయి, కొందరిలో రెండు మూడు నెలల దాకా కూడా ఉంటాయి. కానీ ఆ మాట చివర్లో అనాల్సింది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో కామెర్లు రెండు వారాలు దాటితే, పాలు బాగా తాగుతున్నా సరే, డైరెక్ట్ బిలిరూబిన్ (కాలేయం, పిత్తనాళాల ఇబ్బందిని పట్టిచ్చే రక్తపరీక్ష), థైరాయిడ్ చూసి తీరాలి. ఆ రెండూ బాగున్నాక అప్పుడు తల్లిపాల కామెర్లని ధైర్యంగా చెప్పొచ్చు.

ముందుగా విరోచనం రంగు అడిగాను. తల్లి ఫోనులో డైపర్ ఫొటో ఉంది, చక్కటి పసుపు రంగు. అది చూశాక కొంచెం ఊపిరి తీసుకున్నాను. సున్నంలా, బూడిదలా తెల్లబారి ఉంటే పిత్తనాళాలు మూసుకుపోయిన జబ్బేమోనని పరుగెత్తాలి. ఆ ఆపరేషన్ 60 రోజుల లోపు చేస్తే వచ్చే ఫలితం ఆ తర్వాత చేస్తే రాదు. పచ్చబడిన ప్రతి బిడ్డ తల్లినీ విరోచనం రంగు అడగాలని నేను జూనియర్లకి చెబుతూనే ఉంటాను. పైసా ఖర్చు లేని పరీక్ష.

తర్వాత పాప బట్టలు విప్పించాను. బొడ్డు మీద గుడ్డతో రూపాయి బిళ్ళ కట్టి ఉంది. తీస్తే బొడ్డు ఉసిరికాయంత ఉబ్బి ఉంది. చేతులూ కాళ్లూ చల్లగా, చర్మం మీద పాలరాతి చారల్లాంటి మచ్చలు. గుండె నిమిషానికి 104 సార్లు కొట్టుకుంటోంది, ఈ వయసుకి నెమ్మది. నాలుక కొంచెం బయటికి కనిపిస్తోంది. అరికాలు మీద గట్టిగా తడితే ఏడ్చింది గానీ ఆ ఏడుపు బొంగురుగా, అరిగిపోయిన గొంతులోంచి వచ్చినట్టు ఉంది. తల నిమిరితే ముందు మాడు పెద్దదే, అది చాలామంది పిల్లల్లో ఉంటుంది. తల వెనక భాగాన, ఎముకలు కలిసే చోట ఉండే చిన్న మాడు ఈ వయసులో వేలి కొన కూడా పట్టనంత ఉండాలి. నా చూపుడువేలు కొన అక్కడ దిగింది.

కామెర్లు, మలబద్ధకం, బొడ్డు ఉబ్బు, బొంగురు గొంతు, చల్లటి ఒళ్ళు, వెనక మాడు, పాలకి లేవని నిద్ర. వీటిలో ఏ ఒక్కటి విడిగా చూసినా "మామూలే" అనొచ్చు. అన్నీ ఒకే బిడ్డలో ఉంటే వెతకాల్సింది పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం. మన దేశంలో సుమారు వెయ్యిమంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. మెదడు ఎదగడానికి థైరాయిడ్ హార్మోను కావాలి. మొదటి రెండు వారాల్లో మందు మొదలైతే బిడ్డ అందరిలాగే పెరుగుతుంది, చదువుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ పోయిన తెలివి తిరిగి రాదు. ఇంత పెద్ద జబ్బుకి మందేమో రోజుకొక మాత్ర, మామూలు కుటుంబానికి కూడా భారం కాని ధర.

రెండో పేజీ

కాన్పు ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు అడిగితే, టీకా కార్డు తెచ్చాం కదా అన్నారు. అందరూ అంతే, టీకా కార్డే ఫైలు అనుకుంటారు. తండ్రి ఇంటికి ఫోను చేసి పక్కింటి వాళ్లతో కాగితాలు ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించాడు. రెండు పేజీలున్నాయి. రెండో పేజీ కింద, తల్లి మందుల జాబితా తర్వాత, చేతిరాతతో ఒక లైను: "బిడ్డ టీఎస్‌హెచ్ శాంపిల్ పంపాము, రిపోర్టు రావలసి ఉంది."

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పే రక్తపరీక్ష, గ్రంథి పనిచేయకపోతే ఆ అంకె బాగా పెరుగుతుంది. అంటే మూడో రోజునే మడమ నుంచి రక్తం తీసి పంపారు. ఆ ఆసుపత్రి చేయాల్సిన పని చేసింది. కేరళలో ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చేస్తారు. మన దగ్గర ఎక్కడ పుట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. మరి రిపోర్టు ఏమైంది? తండ్రి నా ఎదురుగానే ఆ ఆసుపత్రికి ఫోను చేశాడు. పది నిమిషాలు పట్టుకోమని, ఆఖరికి చదివి చెప్పారు: టీఎస్‌హెచ్ 100 పైన. ఆ కాగితం ఆరో రోజుకల్లా వాళ్ల చేతికి వచ్చింది. రిజిస్టరులో ఉన్న నంబరుకి ఫోను చేశారట. అది అమ్మమ్మ చిన్న ఫోను, కాన్పు హడావిడిలో ఎక్కడో ఛార్జింగ్ లేకుండా పడి ఉంది. మళ్లీ ఎవరూ ప్రయత్నించలేదు.

ఇప్పుడు తప్పు ఎవరిది? రిపోర్టు వచ్చాక బిడ్డని వెతికి పట్టుకోవాల్సింది ఆ ఆసుపత్రి, అక్కడ సందేహం లేదు. గాజువాక డాక్టరుగారికి రెండో పేజీ ఎవరూ చూపించలేదు. ఆయనా అడగలేదు. మన పద్ధతే చూడండి. బిడ్డ పుట్టింట్లో పుడుతుంది, మెట్టినింటికి వస్తుంది. చాలామంది తెలుగు బిడ్డలు నెలల వయసులోనే ఒకసారి డాక్టర్ని మారుస్తారు, ఎవరూ దాన్ని మార్పు అని కూడా అనుకోరు. సారె, ఉయ్యాల, వెండి గిన్నె అన్నీ జాగ్రత్తగా లెక్కపెట్టి తెచ్చుకుంటాం. కాగితాలు బీరువాలో ఉండిపోతాయి. ఇప్పుడు నా దగ్గరికి రావడం రెండో మార్పు. కాగితాలు తెప్పించకుండా ఉంటే నేనూ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి.

వెంటనే రక్తం తీయించి, రిపోర్టు కోసం ఆగకుండా ఆ సాయంత్రమే మాత్ర మొదలుపెట్టాను. ఈ మందు మోతాదు బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మైక్రోగ్రాములు. పాపకి 50 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి సరిపోయింది. రెండు స్పూన్ల మధ్య మాత్ర నలిపి, స్పూనులోనే కొద్దిగా తల్లిపాలు కలిపి పట్టడం తల్లి చేత అక్కడే చేయించాను, ఇకమీదట పొద్దున్నే పట్టమన్నాను. సీసాడు పాలలో కలిపితే బిడ్డ సగం వదిలేస్తుంది, ఎంత లోపలికి వెళ్లిందో తెలీదు. ముందే కలిపి నిలవ ఉంచకూడదు. తర్వాత ఎప్పుడైనా ఐరన్, కాల్షియం చుక్కలు ఇస్తే దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి.

మర్నాడు రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 100 పైన, గ్రంథి తయారుచేసే హార్మోను ఫ్రీ టీ4 0.3, అంటే బాగా తక్కువ. బిలిరూబిన్ మొత్తం 9.8, అందులో డైరెక్ట్ 0.5. కాలేయానికి ఇబ్బంది లేదు. పచ్చదనం కూడా థైరాయిడ్ వల్లనే.

మరి డాక్టర్ని మార్చాలా?

"చూశారా, మార్చాలనుకోవడం మంచిదే అయింది" అన్నాడు తండ్రి. ఆ క్షణంలో నేను అవునంటే సరిపోయేది, కొత్త పేషెంటు దొరికేది. నేను చెప్పింది వేరు.

రెండో అభిప్రాయం వేరు, డాక్టర్ని మార్చడం వేరు. మొదటిదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మొహమాటం అసలే అక్కర్లేదు. "ఆయనకి కోపం వస్తుందేమో" అని నెల పిల్లతో ఆగిపోయిన తల్లులని చూశాను. కోపం వచ్చే డాక్టరయితే ఆ కోపమే ఆయన్ని వదలడానికి చాలిన కారణం. కానీ మార్చే ముందు ఈ పాపకి ఇకమీదట ఏం కావాలో చూడాలి. రెండు వారాలకి రక్తపరీక్ష, ఆ తర్వాత మొదటి ఆరు నెలలూ నెలకో రెండు నెలలకో ఒకసారి. బరువు పెరిగిన ప్రతిసారీ మోతాదు సరిచూడాలి. జ్వరమో విరోచనాలో పట్టుకుంటే అర్ధరాత్రి చూపించాలి. గాజువాక నుంచి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ట్రాఫిక్‌లో చంటిపిల్లతో ఎంవీపీ కాలనీ రావడం నెలకోసారి అంటే ఎవరికైనా విసుగొస్తుంది. విసుగొచ్చిన రోజున పరీక్ష వాయిదా పడుతుంది. ఈ జబ్బులో అదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. దగ్గర్లో ఒక డాక్టరు ఉండాలి. ఆ డాక్టరు ఈయనే అవ్వాలా, వేరే ఎవరైనానా అన్నదే అసలు ప్రశ్న.

వాళ్ల ఎదురుగానే ఆయనకి ఫోను చేశాను. ఎలా స్పందిస్తారన్న దాన్ని బట్టే సలహా ఇవ్వాలనుకున్నాను. "థైరాయిడ్ నేను అడిగి ఉండాల్సింది, రిపోర్టులు పంపండి, మోతాదు ఎంత పెట్టారు?" అన్నారు. వాదన లేదు, సాకు లేదు. సాయంత్రం ఆయనే తండ్రికి ఫోను చేసి, మర్నాడు ఓపీ మొదలవ్వక ముందు రమ్మన్నారు. ఆ తర్వాత ఉండడమా మానడమా అని తల్లినే అడగమన్నాను. ఎందుకంటే ఎవరూ వినిపించుకోని మాట ఆమెది, రేపు మళ్లీ ప్రశ్న అడగాల్సిందీ ఆమే. ఆమె వెళ్లి, తిరిగొచ్చి ఫోనులో చెప్పింది: "అరగంట కూర్చోబెట్టి మాట్లాడారండి. నేను చెప్పింది మొదట వినలేదని ఆయనే అన్నారు. అక్కడే ఉంటామండి."

ఆయన ఆ రోజు "ఏదో పెద్ద డాక్టర్లు అలాగే అంటారు, మందు ఆపి చూద్దాం" అని ఉంటే, ఆ పూటే మార్చమని చెప్పి నేనే పక్కన ఇంకొకరి పేరు ఇచ్చేవాణ్ణి.

ఆలోచించకుండా మార్చమని చెప్పిన కుటుంబాలూ ఉన్నాయి. తల్లికి పాలు పుష్కలంగా ఉన్నా పాలడబ్బా పేరు చీటీ మీద రాసిచ్చిన చోటు ఒకటి. తల్లిపాలకి బదులుగా వాడే పాలని ప్రచారం చేయడాన్ని నిషేధిస్తూ 1992లో చేసిన చట్టం ఉంది. అది తెలిసీ రాసేవారికి బిడ్డని అప్పగించకూడదు. ఐదు నెలల పిల్లకి ముక్కు కారితే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్ రాసిన చోటు ఇంకొకటి. ఆ కలయిక నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే ముద్రించాలని 2023లో ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. రిపోర్టులు, కాగితాలు చేతికివ్వని చోటు కూడా ఈ కోవలోకే వస్తుంది. ఇవి ఒక్కసారి జరిగినా చాలు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వస్తే చూడకుండా ఫోనులోనే మందు చెప్పేవారిని కూడా ఇందులో కలుపుతాను.

"పట్టించుకోలేదు" అనిపించడం మాత్రం వేరు. అక్కడ నా సలహా ఒకటే. మీ భయాన్ని ఒక్క వాక్యంగా కాగితం మీద రాసుకుని, డాక్టరు ముందు పెట్టి, "ఇది ఏ జబ్బు కాదని మీరు ఎలా చెబుతున్నారు?" అని అడగండి. ఈ తల్లి "పాప ఏడవదు" అంది. అది పొగడ్తలా వినిపించింది. "పాప తనంతట తాను పాలకి లేవడం లేదు, కామెర్లు మూడు వారాలు దాటినా తగ్గలేదు" అని ఉంటే ఎంత తీరిక లేని డాక్టరయినా కలం ఆపేవాడు. ఈ మాట తల్లి మీద తప్పు వేయడానికి కాదు. బాలింతకి ఆ భాష వచ్చి ఉండాలని ఆశించకూడదు, తవ్వి అడగడం మా పని. కానీ పక్కనున్న తండ్రి, అమ్మమ్మ ఆ వాక్యం తయారుచేయడానికి సాయపడగలరు.

ఆశా కార్యకర్తలు బిడ్డ పుట్టాక 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి వస్తారు. ఈ పాప ఇల్లు మారడంతో ఆ సందర్శనలూ మధ్యలో తెగిపోయాయి. ఊరు మారిన వారంలోనే కొత్త చోట ఆశాకి పేరు రాయిస్తే ఎవరో ఒకరు బరువు తూచేవారు.

రెండు వారాల పరీక్షలో టీ4 మామూలుకి వచ్చింది. నెల తిరిగేసరికి టీఎస్‌హెచ్ కూడా దిగింది. కామెర్లు పోయాయి, విరోచనం రోజూ అవుతోంది. విరోచనం కోసమని ఆముదం రాసిన తమలపాకు కాడ ఇక పెట్టవద్దని అమ్మమ్మకి చెప్పాను, ఒప్పుకుంది. బొడ్డు ఉబ్బు ఇంకా ఉంది, బిళ్ళ కట్టకపోయినా మెల్లగా తగ్గేదే. ఈ జబ్బుతో పాటు వినికిడి లోపం, గుండె లోపం ఉండే అవకాశం కొంచెం ఎక్కువ కాబట్టి వినికిడి పరీక్ష, గుండె స్కాన్ (ఎకో) చేయించాం. రెండూ బాగున్నాయి. పాప ఇప్పుడు పాలకోసం గట్టిగా ఏడుస్తోంది. ముప్పై నాలుగు రోజుల దగ్గర మొదలైన మందు కాబట్టి ఎదుగుదలని దగ్గరగా గమనించాలి. మెడ నిలపడం, నవ్వడం, బోర్లా పడడం తేదీలతో రాయమని చెప్పాను. ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోని ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగంలో కూడా పేరు నమోదు చేయించాం. మూడేళ్లు నిండాక, వాళ్ల సలహా మీద, కొన్నాళ్లు మందు ఆపి గ్రంథి తనంతట తాను పనిచేస్తుందేమో చూడొచ్చు. అప్పటిదాకా ఒక్క రోజు కూడా ఆపకూడదు.

గాజువాక డాక్టరుగారు ఫైలు మొదటి పేజీలో జబ్బు పేరు, ఇప్పటి మోతాదు, తర్వాతి టీఎస్‌హెచ్ తేదీ ఎర్ర సిరాతో రాశారు. తండ్రికి వచ్చే ఏడాది బదిలీ కావచ్చట. వెళ్లేటప్పుడు ఆ పేజీ జిరాక్సు, కాన్పు ఆసుపత్రి రెండు పేజీలు, అన్ని టీఎస్‌హెచ్ రిపోర్టులు ఒకే కవరులో పెట్టుకుని, కొత్త ఊళ్లో టీకాకి వెళ్లిన మొదటి రోజే బల్ల మీద పెట్టమని చెప్పాను.